బోల్తా పడటమే మొదటి పాఠం



ఒడ్డున కూర్చుని ఈత నేర్చుకున్నవాడు లేడని పెద్దలు అంటారు. ఈ మాట మనందరికీ తెలుసు. కాని నీళ్లలోకి దిగినవాడు తప్పులు చేస్తాడు. ఆ తప్పులు ఎక్కడ, ఎవరి కాపలాలో, ఎంత లోతులో చేస్తున్నాడన్న దాన్ని బట్టి అతడు నేర్చుకోవడమో, ప్రమాదంలో పడటమో జరుగుతుంది. అందుకే చేయదగిన తప్పులేవో, చేయకూడని తప్పులేవో వేరుచేసి చెప్పగలిగినవాడే మంచి గురువు. ఈ తేడాను స్పష్టంగా చూపించే విద్య ఒకటుంది. అది తెరచాప పడవ నడపడం.

మా మనవడు చెన్నైలో ఒక వేసవి శిబిరంలో చేరినప్పుడు కొన్ని వారాల పాటు ఉదయం పూట ఒడ్డున కూర్చుని ఈ శిక్షణ చూశాను. బ్యాంకులో ముప్పై ఏళ్లకు పైగా లెక్కలు సరిచూసిన అలవాటు వల్ల చూసినవన్నీ నోటు పుస్తకంలో రాసుకున్నాను. అర్థం కానివి శిక్షకులను అడిగి తెలుసుకున్నాను. ఆ వివరాలే ఈ వ్యాసం.

ఈ విద్య మనకు కొత్త కాదు

తెరచాప అనగానే ఇది దొరల వినోదమని కొందరు అనుకుంటారు. యానాం పక్కనే ఉన్న కోరంగి ఒకప్పుడు తెరచాప ఓడలు కట్టిన రేవు. బర్మాలో తెలుగువారిని కోరంగీలు అని పిలిచారంటే, ఆ పేరు ఈ రేవు వల్ల వచ్చినదే. ఒడిశాలో పూరీ, గోపాల్‌పూర్ తీరాల్లో స్థిరపడిన మన తెలుగు మత్స్యకారులు తెప్పల మీద తెరచాప ఎత్తి వేటకు వెళ్లినవారే. వారికి పాఠశాల లేదు. తండ్రి వెంట, మేనమామ వెంట వెళ్లి చూసి, చేసి, తప్పు చేసినప్పుడు తిట్లు తిని నేర్చుకున్నారు. ఇప్పుడు ఆ పని క్రీడగా, ఉద్యోగానికి పనికివచ్చే శిక్షణగా మారింది. పద్ధతి మాత్రం అదే.

పడవ ఎలా కదులుతుంది?

పిల్లలకు ఇచ్చే మొదటి పడవ పేరు ఆప్టిమిస్ట్. 1947లో అమెరికాలోని ఫ్లోరిడా రాష్ట్రంలో క్లార్క్ మిల్స్ అనే ఆయన, ప్లైవుడ్‌తో చవకగా కట్టుకోగలిగేలా దీన్ని రూపొందించాడు. పొడవు సుమారు 2.3 మీటర్లు, బరువు 35 కిలోలు. ఒకే తెరచాప. నడిపేది ఒక్కరే. పదిహేనేళ్ల లోపు పిల్లలు ప్రపంచమంతటా దీని మీదే పోటీలు పడతారు.

గాలి వెనుక నుంచి వీస్తే పడవ ముందుకు పోవడం అందరికీ అర్థమవుతుంది. గాలి పక్క నుంచి వీచినా ముందుకే ఎలా పోతుంది? తడిసిన చింతగింజను రెండు వేళ్ల మధ్య నొక్కి చూడండి. వేళ్లు రెండు పక్కల నుంచి నొక్కుతాయి, గింజ మాత్రం ముందుకు దూకుతుంది. పడవ సంగతీ దాదాపు అంతే. ఒక వైపు తెరచాప మీద గాలి తోస్తుంది. పడవ మధ్యలోంచి నీళ్లలోకి దించిన నిలువు పలక పక్కకు జారకుండా అడ్డుపడుతుంది. పక్కకు పోలేని పడవ ముందుకు జారుతుంది. ఈ పలకను డాగర్ బోర్డు అంటారు.

గాలికి నేరుగా ఎదురు మాత్రం ఏ తెరచాప పడవా పోలేదు. గాలి వచ్చే దిక్కుకు రెండు పక్కలా సుమారు 45 డిగ్రీల మేర దారి మూసి ఉన్నట్టే. అటు వెళ్లాలంటే తిరుమల ఘాట్ రోడ్డు లాగా వంకరటింకరగా, ఒకసారి కుడికి ఒకసారి ఎడమకు మలుపులు తీసుకుంటూ వెళ్లాలి. ముందు భాగాన్ని గాలిలోంచి తిప్పే ఈ మలుపును టాక్ అంటారు. వెనుక భాగాన్ని గాలిలోంచి తిప్పే మలుపును జైబ్ అంటారు.

నడిపేవాడి చేతిలో ఉండేవి రెండే. ఒక చేతిలో చుక్కాని పిడి, రెండో చేతిలో తెరచాపను లాగే తాడు. ఆ తాడునే నావికులు షీట్ అంటారు. గుడ్డను షీట్ అనుకుని కొత్తవారు తికమకపడతారు.

మొదటి రోజు కావాలనే బోల్తా

శిబిరంలో మొదటి రోజే నన్ను ఆశ్చర్యపరిచిన విషయం ఇది. లోతు తక్కువ ఉన్న చోట, పక్కనే మోటారు పడవలో శిక్షకుడు ఉండగా, ప్రతి పిల్లవాడి చేతా పడవను కావాలనే బోల్తా కొట్టించారు. ఒడ్డున ఉన్న తల్లులు కొందరు కంగారుపడ్డారు. పిల్లలు మాత్రం మూడోసారికి నవ్వడం మొదలుపెట్టారు.

బోల్తా పడ్డాక చేయవలసిన పనులకు ఒక వరుస ఉంది. ముందు పడవను పట్టుకుని ఉండాలి. తాడు వదిలేయాలి. లేకపోతే తెరచాపలో నీళ్లు నిలిచి పడవ లేవదు. పడవ ముందు భాగం గాలి వైపు తిరిగేలా చూడాలి. తరువాత డాగర్ బోర్డు మీదికి ఎక్కి, అంచు పట్టుకుని, వెనక్కి వాలాలి. శరీరం బరువుకే పడవ లేస్తుంది. ఆప్టిమిస్ట్‌లో గాలి నింపిన సంచులు కట్టి ఉంటాయి కాబట్టి అది మునిగిపోదు. లోపలికి ఎక్కి, తాడుతో కట్టి ఉంచిన డబ్బాతో నీళ్లు తోడేయాలి.

ఇదంతా మొదటి రోజే ఎందుకు? భయం ఉన్న పిల్లవాడు పడవ కాస్త వంగగానే బిగుసుకుపోతాడు. బోల్తా పడితే ఏమవుతుందో, తిరిగి ఎలా లేవాలో చేతికి తెలిసినవాడు ధైర్యంగా గాలిని గమనిస్తాడు. జరగబోయే తప్పుకు విరుగుడు ముందే నేర్పడం అంటే ఇదే.

కొత్తవారందరూ చేసే తప్పులు

నా నోటు పుస్తకంలో ఎక్కువసార్లు నమోదైన తప్పులు అయిదు.

మొదటిది, చుక్కానిని తారుమారుగా తిప్పడం. పిడిని కుడికి తోస్తే పడవ ఎడమకు తిరుగుతుంది. సైకిల్ హ్యాండిల్ అలవాటైన చేతికి ఇది విరుద్ధంగా ఉంటుంది. చెబితే రాదు. పది పదిహేనుసార్లు తప్పు వైపు పోయాక చెయ్యి దానంతటదే నేర్చుకుంటుంది.

రెండోది, భయంతో తాడు బిగించడం. గాలి ఒక్కసారిగా ఎక్కువై పడవ ఒరిగినప్పుడు కొత్తవాడు చేతిలో ఉన్న తాడును ఉడుంపట్టు పడతాడు. దానివల్ల గాలి ఇంకా పట్టి పడవ ఇంకా ఒరుగుతుంది. తాడు వదిలితే తెరచాప రెపరెపలాడి, గాలి జారిపోయి, పడవ నిలువుగా వస్తుంది. భయం వేస్తే పట్టు బిగించడం మనిషి స్వభావం. పడవలో మాత్రం భయం వేస్తే పట్టు సడలించాలి.

మూడోది, తెరచాపను ఎప్పుడూ ఎక్కువగా లాగి ఉంచడం. చూడటానికి బిగువుగా ఉంటుంది కాని పడవ నడవదు. దీనికి శిక్షకులు చెప్పే సూత్రం తేలిక. తెరచాప ముందు అంచు రెపరెపలాడేదాకా తాడు వదలండి. ఆ రెపరెప ఆగేదాకా మాత్రమే లాగండి. గాలి మారినప్పుడల్లా మళ్లీ చూసుకోండి.

నాలుగోది, మలుపు మధ్యలో ఆగిపోవడం. వేగం లేకుండా టాక్ మొదలుపెడితే పడవ సరిగ్గా గాలికి ఎదురుగా వచ్చి నిలబడిపోతుంది, మెల్లగా వెనక్కి పోతుంది. వెనక్కి పోయేటప్పుడు చుక్కాని పనిచేసే దిక్కు కూడా తారుమారవుతుంది. అప్పుడు తెరచాపను చేత్తో ఒక పక్కకు తోసి పట్టుకుంటే పడవ తిరుగుతుంది. మలుపుకు ముందు వేగం తెచ్చుకోవాలన్న పాఠం ఇలా రెండుమూడుసార్లు ఇరుక్కున్నాక గట్టిపడుతుంది.

అయిదోది, జైబ్ సమయంలో తల వంచకపోవడం. తెరచాప అడుగున ఉండే అడ్డకొయ్యను బూమ్ అంటారు. గాలి వెనుక నుంచి ఉన్నప్పుడు అది ఒక పక్క నుంచి రెండో పక్కకు విసురుగా వస్తుంది. పై నాలుగు తప్పులకూ నీళ్లే శిక్ష. దీనికి మాత్రం తల మీద దెబ్బ. అందుకే ఒక్క విషయంలో శిక్షకులు ‘చేసి నేర్చుకో’ అనరు. ఒడ్డు మీద పడవను నిలబెట్టి, తల వంచడం పదేపదే చేయించాకే నీళ్లలోకి పంపుతారు.

తప్పును ఆ రోజే పట్టుకోవడం

తప్పులు చేసినంత మాత్రాన విద్య రాదు. అదే తప్పును ఇరవై రోజులు చేసేవారూ ఉంటారు. సాధన అంటే తప్పును గుర్తించి, మరునాడు ఒక్కటి మార్చి చూడటం.

శిబిరంలో రోజూ పడవలు ఒడ్డుకు చేరాక పావుగంట కూర్చోబెట్టి ప్రతి ఒక్కరినీ మూడు ప్రశ్నలు అడిగేవారు. గాలి ఎటు నుంచి వచ్చింది? ఎక్కడ ఆగిపోయావు? రేపు ఏం మారుస్తావు? ‘బాగా నడపలేదు సార్’ అంటే ఒప్పుకునేవారు కారు. ఎక్కడ, ఎప్పుడు, ఏ చేతితో ఏం చేశావో చెప్పాలి. ఒక రోజుకు ఒక్కదాన్నే సరిదిద్దేవారు. చుక్కాని, తాడు, కూర్చునే చోటు మూడూ ఒకేసారి మారిస్తే దేనివల్ల పడవ బాగా నడిచిందో తెలియదు కదా!

బ్యాంకులో పనిచేసినవారికి ఈ పద్ధతి బాగా అర్థమవుతుంది. క్యాష్ కౌంటరులో సాయంత్రం లెక్క సరిపోలనిదే ఇంటికి వెళ్లం. రూపాయి తేడాను ఆ సాయంత్రమే వెతికితే పది నిమిషాల పని. ఆరు నెలల తరువాత ఆడిట్‌లో బయటపడితే పది రోజుల పని. చదువులోనూ అంతే. ఈ రోజు లెక్కలో ఏ మెట్టు తప్పిందో ఈ రోజే చూసుకున్న విద్యార్థికి పరీక్షల ముందు కంగారు ఉండదు.

పోటీ నియమాల్లోనే తప్పుకు చోటు

తెరచాప పడవల పోటీల్లో రెండు నియమాలు నాకు బాగా నచ్చాయి.

ఒకటి, తప్పు చేసినవాడే శిక్ష వేసుకోవాలి. దారి ఇవ్వవలసిన పడవకు దారి ఇవ్వకపోతే, నియమం తప్పిన నావికుడు అక్కడికక్కడే పక్కకు తప్పుకుని తన పడవను రెండు చుట్లు తిప్పాలి. గుర్తుగా పెట్టిన తేలుడు బుడ్డిని తాకితే ఒక చుట్టు. ప్రతి పడవ వెనుకా ఈల పట్టుకుని అంపైర్ ఉండడు. తప్పు ఒప్పుకోవాలి, మూల్యం చెల్లించాలి, మళ్లీ పందెంలో కలవాలి. ఏడుస్తూ ఆగిపోనక్కరలేదు, దాచిపెట్టి నెగ్గాలని చూడకూడదు.

రెండోది, అన్నిటికంటే చెడ్డ ఫలితాన్ని కొట్టివేయడం. పోటీ అంటే ఒక్క పందెం కాదు, కొన్ని రోజుల పాటు అనేక పందేలు. మొదట వచ్చినవారికి 1 పాయింటు, రెండో స్థానానికి 2. ఇలా తక్కువ పాయింట్లు వచ్చినవారే విజేత. సాధారణంగా మొత్తం కూడిన తరువాత ఒక్క చెడ్డ పందెం పాయింట్లు తీసేస్తారు. 2023లో చైనాలోని హాంగ్‌జౌలో జరిగిన ఆసియా క్రీడల్లో మధ్యప్రదేశ్‌కు చెందిన రైతుబిడ్డ నేహా ఠాకూర్ బాలికల ఐ.ఎల్.సి.ఎ.-4 విభాగంలో వెండి పతకం గెలిచింది. భోపాల్‌లోని జాతీయ సెయిలింగ్ పాఠశాలలో శిక్షణ పొందిన అమ్మాయి. 11 పందేల్లో ఆమె మొత్తం 32 పాయింట్లు. అన్నిటికంటే వెనుకబడ్డ పందెంలో వచ్చిన 5 పాయింట్లు కొట్టివేయగా నికరంగా 27.

కామర్స్ విద్యార్థులు దీన్ని రైటాఫ్ అనవచ్చు. ఒక్క చెడ్డ రోజును ఆట క్షమిస్తుంది. కాని ఆ రోజు తరువాత మిగతా పందేలన్నిటికీ పడవ దించినవారికే ఆ క్షమ పనికివస్తుంది. ఒక సబ్జెక్టు తప్పగానే చదువుకే స్వస్తి చెప్పాలనుకునే పిల్లలు మన కుటుంబాల్లో కూడా ఉన్నారు. సప్లిమెంటరీ పరీక్ష ఉన్నది అందుకే. కొట్టివేయవలసింది ఆ ఒక్క ఫలితాన్నే. మొత్తం పోటీని కాదు.

చేయకూడని తప్పులు

ఇంతవరకు చెప్పిన పొరపాట్లకు అవకాశం ఇవ్వడానికే కొన్ని విషయాల్లో ఏ మాత్రం సడలింపు ఉండదు.

• లైఫ్ జాకెట్ లేకుండా పడవ ఎక్కకూడదు. ఈత వచ్చినవారికి కూడా ఇదే నియమం.
• బోల్తా పడ్డప్పుడు పడవను వదిలి ఒడ్డుకు ఈదాలని చూడకూడదు. ఒడ్డు కనిపించినంత దగ్గరగా ఉండదు. వెతికేవారికి తలకంటే పడవ తేలికగా కనిపిస్తుంది.
• సహాయ పడవ లేని చోట కొత్తవారు ఒంటరిగా వెళ్లకూడదు.
• ఉరుము వినిపిస్తే ఎంత మంచి పందెమైనా ఆపి ఒడ్డుకు రావాలి. నీళ్ల మధ్య నిలబడ్డ ఎత్తయిన కొయ్య పిడుగుకు దారి.
• ఈత రాదన్న సంగతి, మూర్ఛ వంటి జబ్బు ఉన్న సంగతి శిక్షకుడి దగ్గర దాచకూడదు.

ఈ అయిదింటిలో దేన్నీ ‘చేసి నేర్చుకోవడం’ కుదరదు. ఇవి పాటిస్తేనే మిగతా తప్పులు ఎన్ని చేసినా సాయంత్రానికి ఇంటికి వస్తారు.

చిన్న పడవ నుంచి మహాసముద్రం దాకా

2017 సెప్టెంబరు 10న మన నౌకాదళానికి చెందిన ఆరుగురు మహిళా అధికారులు ఐ.ఎన్.ఎస్.వి. తారిణి అనే తెరచాప పడవలో గోవా నుంచి ప్రపంచం చుట్టి రావడానికి బయలుదేరారు. 254 రోజుల తరువాత, 2018 మే 21న తిరిగి గోవా చేరారు. సుమారు 21,600 నాటికల్ మైళ్లు. వారిలో విశాఖపట్నానికి చెందిన పి. స్వాతి, హైదరాబాద్‌కు చెందిన బి. ఐశ్వర్య మన తెలుగు ఆడపిల్లలు. వారు ఏకంగా మహాసముద్రంలోకి దిగలేదు. ఒంటరిగా ప్రపంచం చుట్టిన మొదటి భారతీయుడు దిలీప్ దోందే దగ్గర శిక్షణ పొంది, ముందు మారిషస్ వంటి దగ్గరి ప్రయాణాలు చేశారు. ప్రపంచ యాత్ర చివరి దశలో చుక్కాని తిప్పే యంత్రంలో ఇబ్బంది వస్తే, అనుకోని మజిలీగా మారిషస్‌లోని పోర్ట్ లూయీలో ఆగి సరిచేసుకున్నారు. గొప్ప నావికులు మొండిగా ముందుకు పోరు. సరిచేసుకోవలసిన చోట ఆగుతారు.

అన్ని దెబ్బలూ మన తప్పు వల్లే తగలవు. నౌకాదళ అధికారి అభిలాష్ టామీ 2018లో గోల్డెన్ గ్లోబ్ పందెంలో ఉండగా దక్షిణ హిందూ మహాసముద్రంలో తుఫానుకు పడవ కొయ్య విరిగింది, ఆయన వెన్నెముకకు తీవ్రమైన గాయమైంది. ఫ్రెంచి నౌక ఒకటి వచ్చి సెప్టెంబరు 24న కాపాడింది. ఆయన కోలుకుని అదే పందెంలో 2022లో మళ్లీ బయలుదేరి, 236 రోజులు ఒంటరిగా నడిపి, 2023 ఏప్రిల్ 29న రెండో స్థానంలో ముగించారు.

చెన్నై అమ్మాయి నేత్రా కుమనన్ కూడా పిల్లల వేసవి శిబిరంలోనే ఈ విద్య మొదలుపెట్టింది. ఒలింపిక్స్ సెయిలింగ్‌కు అర్హత సాధించిన మొదటి భారతీయ మహిళ. 2021లో జరిగిన టోక్యో క్రీడల్లో 35వ స్థానం, 2024 పారిస్‌లో 21వ స్థానం. పతకం రాలేదని పెదవి విరిచేవారు ఉంటారు. లెక్క చూసేవారికి మాత్రం మూడేళ్లలో 14 స్థానాల మెరుగుదల కనిపిస్తుంది.

తల్లిదండ్రులకు ఒక మాట

ఈ క్రీడకు పడవ కొనవలసిన పని లేదు. పడవ ఖరీదైనదే కాని నేర్చుకునే దశలో అది శిబిరానిదే. డబ్బు కట్టకుండా నీళ్ల దగ్గరికి చేరే దారి ఎన్.సి.సి. నౌకా విభాగం. మీ పిల్లల పాఠశాలలో గాని, కళాశాలలో గాని ఆ విభాగం ఉంటే తెడ్డు వేయడం, తెరచాప నడపడం రెండూ నేర్పుతారు. హైదరాబాద్‌లో హుస్సేన్ సాగర్ మీద 2009లో మొదలైన యాట్ క్లబ్‌లో పేద కుటుంబాల పిల్లలు కూడా శిక్షణ పొంది జాతీయ పోటీల దాకా వెళ్లారు. చెన్నై, ముంబై, భోపాల్, గోవాలలో శిక్షణ కేంద్రాలు ఉన్నాయి. చేర్పించే ముందు మూడు విషయాలు కళ్లారా చూడండి. ప్రతి పిల్లవాడి ఒంటి మీద సరిపోయే లైఫ్ జాకెట్ ఉందా? నీళ్లలో సహాయ పడవ ఉందా? పిల్లల పేర్లు వెళ్లేటప్పుడు, వచ్చేటప్పుడు సరిచూస్తున్నారా? ఈ మూడూ ఉంటే మిగతాది వదిలేయండి.

వదిలేయండి అనడం తేలికే, చేయడం కష్టం. పిల్లవాడు మలుపులో ఇరుక్కున్నప్పుడు ఒడ్డు నుంచి అరిచి చెప్పాలనిపిస్తుంది. అలా చెబితే ఆ ఒక్కసారి పడవ తిరుగుతుంది, నేర్పు మాత్రం రాదు. గాలి ఉండగానే తూర్పారబట్టుకోవాలన్న సామెత పెద్దలకూ వర్తిస్తుంది. పిల్లలు చిన్నవారుగా, పడవ చిన్నదిగా, నీళ్లు లోతు తక్కువగా ఉన్న రోజుల్లోనే వారి తప్పులు వారు చేసి దిద్దుకోవాలి. పెద్దయ్యాక పెద్ద సముద్రంలో చేసే తప్పుకు మూల్యం ఎక్కువ.

కాబట్టి పడవ నుంచి వచ్చినా, పరీక్ష హాలు నుంచి వచ్చినా, ‘నెగ్గావా? ఎన్నో స్థానం?’ అన్నది రెండో ప్రశ్నగా పెట్టుకుందాం. ‘ఇవాళ ఎక్కడ ఆగిపోయావు నాన్నా? రేపు ఏం మారుస్తావు?’ అన్నది మొదట అడుగుదాం. పిల్లలు దాచకుండా జవాబు చెప్పే ఇంట్లో సగం చదువు జరిగినట్టే.

మీ అందరి ప్రయాణానికీ అనుకూలమైన గాలి వీయాలని ఆశీర్వదిస్తున్నాను.